తిట్టినన్నాళ్ళూ తిన్నారు

జూన్ 3, మంగళవారం

అమ్మకు,

ఈ రోజు మొదటి ఆశ్చర్యం పక్కింటి పిల్లి. రాత్రి మిగిలిన క్యాబేజీ కూర మీద మూత పెట్టడం మరిచాను. పొద్దున లేచి చూస్తే అది పొయ్యి గట్టు మీద కూర్చుని ఉంది. చేప తలల నుంచి సబ్బు ముక్కల దాకా దేన్నీ వదలని పిల్లి అది. నా కూర వాసన చూసింది. కాసేపు ఆలోచించింది. తర్వాత ముందు కాలితో గిన్నె చుట్టూ గట్టును గీకడం మొదలుపెట్టింది, మట్టి లాగి కప్పుతున్నట్టు!

తాతయ్య గుమ్మంలో నిలబడి అంతా చూశారు. "దేన్ని కప్పెట్టాలో దానికి తెలుసే, నిఘంటువూ" అన్నారు.

నిఘంటువు అంటే నేనే. కొత్త మాట కనిపించినప్పుడల్లా చిన్న పుస్తకంలో రాసుకుంటున్నానని నువ్వు వెళ్ళాక ఆయన పెట్టిన పేరు.

నువ్వు ఆసుపత్రి వంటశాలకు పెద్దగా వెళ్ళి ఆరు వారాలైంది. మే నెలాఖరు దాకా వీధి చివరి హోటలు క్యారేజీతో గడిపాం. సోమవారం నుంచి శనివారం దాకా ఒకే కూర ఆరు పేర్లతో వచ్చేది. ఏడో పేరు వెతికే ఓపిక ఆ వంటవాడికి లేదు కాబట్టి ఆదివారం సెలవు. అలాంటి తిండి తింటూ ఊరుకోవడం కూడా ఒక నేరమే అనిపించి, ఒకటో తేదీ నుంచి వంట నేనే మొదలుపెట్టాను. నాలుగింటికి పొయ్యి వెలిగించి, అయిదున్నరకు సాయంత్రం క్లాసులకు వెళ్ళి, తొమ్మిదింటికి వస్తాను. ఈలోగా వాళ్ళిద్దరూ తినేస్తారు.

మొన్న ఆదివారం పప్పు చేశాను. బంగారు వర్ణంలో నిగనిగలాడుతూ, ఆవిరి తెరల వెనుక సిగ్గుపడుతున్నట్టు ఉంది. నాన్న ఒక ముద్ద తిని "బరువుగా ఉంది" అన్నారు. త్రాసులు బాగుచేసే మనిషి కదా, అది మెచ్చుకోలో కాదో తేల్చుకోలేకపోయాను.

నీ మూడు నెలల పరీక్షాకాలం ముగిసే జూలై ఇరవై ఒకటి దాకా ఇంటి గురించి తలవకు. నేనున్నాను.

ఉప్పు చేతులతో,
నీ కూతురు

జూన్ 7, శనివారం

ఏమే పండితురాలా,

పప్పు పసుపచ్చగా ఉంటుంది. బంగారమైతే తాతయ్యకు మిగిలిన నాలుగు పళ్ళూ విరుగుతాయి. ఉత్తరం రెండుసార్లు చదివా. పప్పు ఎంతసేపు ఉడికిందో ఎక్కడా లేదు, అది సిగ్గుపడిందని మాత్రం ఉంది. ఉడకని పప్పుకు సిగ్గు కూడానా?

పప్పు మెత్తబడ్డాక ఉప్పు వెయ్యి, ముందు కాదు. క్యాబేజీలో నీళ్ళు పోయకు, దాని నీళ్ళు దానికున్నాయి. గుడ్డు ఉడుకుతుంటే పుస్తకం చదవకు.

ఇక్కడ రెండొందల నలభై మంచాలు, నలుగురు వంటవాళ్ళు. ఒకడు నా ముఖం చూడగానే గరిటె కింద పడేస్తాడు. ఆడదాని కింద పనిచేయడం వాడికి నామోషీ. పడేసిన ప్రతిసారీ గరిటె కడిగిస్తున్నా. ఇప్పుడు చేతులు శుభ్రంగా ఉంటున్నాయి. బళ్ళు వార్డులకు కదిలే ముందు డ్యూటీ డాక్టరు ప్రతి వంటకం రుచి చూసి, ఒక పుస్తకంలో తన మాట రాసి సంతకం పెట్టాలి. అది లేకుండా గంజి గిన్నె కూడా గడప దాటదు. ఇంట్లో అలాంటిది పెడితే నీ రోగం కుదురుతుంది.

ఒక్కమాట. ఈ కుర్చీ కోసం బడి వంటగదిలో పదహారేళ్ళు కాచుకున్నానని నీకు తెలుసు. అయినా ఇంట్లో ఎవరైనా పస్తులుంటున్నారని తెలిస్తే మర్నాడే బయల్దేరతా. అంతమందికి వండిపెట్టి సొంత ఇంటిని ఎండగట్టిన మనిషినని అనిపించుకోలేను.

అమ్మ

జూన్ 14, శనివారం

వంటశాల పెద్దగారికి, వారి కూతురు వినయంగా రాయునది,

నువ్వు వెటకారానికి అన్నావేమో, నేను నిజంగానే పెట్టాను. నోటు పుస్తకంలో గీతలు గీసి, తేదీ, వంటకం, అభిప్రాయం, సంతకం అని నాలుగు గళ్ళు చేసి, వారానికి సరిపడా తేదీలూ వంటకాలూ ముందే నింపి, వంటింటి తలుపుకు దారంతో వేలాడదీశాను. తొమ్మిదింటికి రాగానే చెప్పులు విప్పకుండా అదే చదువుతున్నాను. తాతయ్య ఈ వారం రాసినవి, ఒక్క అక్షరం మార్చకుండా:

పప్పు: "పప్పు ఒకచోట, నీళ్ళు ఒకచోట. ఇద్దరికీ పరిచయం చేయలేదు."

క్యాబేజీ: "మళ్ళీనా."

గుడ్లు: "గుడ్డును ఇంత హింసించారని తెలిస్తే కోడి పెట్టడం మానేస్తుంది."

అన్నం: "ఇటుక. పెరటి గోడకు రెండు తక్కువయ్యాయి, దాచండి."

మళ్ళీ పప్పు: "ఈసారి పరిచయమైంది. కొట్టుకున్నారు."

పోస్టాఫీసులో ముప్ఫై అయిదేళ్ళు ఊళ్ళవారీగా ఉత్తరాలు వేరుచేసిన మనిషిలో ఇంత విషం ఎక్కడ దాగిందో! నాన్న మాత్రం అన్ని గళ్ళలోనూ ఒకటే రాస్తారు: "తిన్నాను." విశేషణం లేదు, క్రియావిశేషణం లేదు. ఇరవై నాలుగ్గంటలూ తూకపు రాళ్ళతో గడిపితే మాట కూడా రాయే అవుతుంది కాబోలు.

నేను లొంగను. నిన్న "అడుగంటు" అనే మాట పుస్తకంలో రాసుకున్నాను. దానికి ఉదాహరణ ఇంట్లోనే దొరికింది, గిన్నె ఇంకా నానుతోంది.

అవమానాల మధ్య తలెత్తుకుని,
నీ కూతురు

జూన్ 18, బుధవారం

ఏమే,

తాతయ్య రాతలు మా వంటవాళ్ళకు చదివి వినిపించా. గరిటె పడేసేవాడు కూడా నవ్వాడు, పడేయడం మరిచిపోయి. మా డాక్టరు ఏం పెట్టినా "సరే" అని గీకుతాడు. ఆ ముసలాయన్ను ఇక్కడికి పంపితే నెలలో వంటశాల బాగుపడేది.

గిన్నెలో ఉప్పూ వేడినీళ్ళూ పోసి రాత్రంతా ఉంచు. గోళ్ళతో గీకకు, ఆ చేత్తోనే పరీక్షలు రాయాలి. వచ్చే నెల మధ్యలో ఉన్నాయిగా? చదువుతున్నావా, లేక గరిటెతోనే రాస్తావా?

మీ నాన్న మాట పట్టించుకోకు. ఆ మనిషికీ పొయ్యికీ ఆమడ దూరం. పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో ఉల్లిపాయను తాకిన పాపాన పోలేదు. నీళ్ళు కాచమంటే "గిన్నె ఏది?" అంటారు, గిన్నె ఇస్తే "నీళ్ళేవి?" అంటారు. నేను లేకపోతే పొయ్యి ముందు కూర్చుని ఆకలితో పోయే రకం. అందుకే నా భయం.

అమ్మ

జూన్ 26, గురువారం, పొద్దున

అమ్మా, అమ్మా, అమ్మా,

గెలిచాను! పుస్తకంలో ఈ వారం పేజీ చింపి దీనితో పంపుతున్నాను, నీ కళ్ళతోనే చూసుకో. లైబ్రరీకి వెళ్తూ దారిలో పోస్టు చేస్తాను, అందుకే తొందరగా రాస్తున్నాను.

ఈ సోమవారం గళ్ళు చూసి నా కళ్ళను నేనే నమ్మలేదు. తాతయ్య "బాగుంది" అని రాశారు! మంగళవారం "చాలా బాగుంది." బుధవారం క్యాబేజీకి "అమృతం." ఆ ముసలాయన నోట అమృతం! నాన్న కూడా "తిన్నాను" వదిలేసి "బాగుంది" దాకా వచ్చారు. రాయి కరిగిందమ్మా. గిన్నెలు కూడా కడిగి బోర్లించి ఉంటున్నాయి, ఒక్క మెతుకు మిగలడం లేదు.

మొన్న ఆదివారం నాన్న నన్ను వంటింట్లోకి అడుగు పెట్టనివ్వలేదు. "రోజూ కష్టపడుతున్నావు, ఈ పూట బయట తిందాం" అని మా ఇద్దరినీ హోటలుకు తీసుకెళ్ళారు. తాతయ్య అక్కడ మూడుసార్లు అన్నం వడ్డించుకున్నారు. నా వంట అలవాటై హోటలు వంట చప్పగా ఉంటుందేమో అనుకున్నాను, పాపం మర్యాదకు తిన్నట్టున్నారు.

ఇన్నాళ్ళూ వంట అంటే వట్టి చాకిరీ అనుకున్న నా అజ్ఞానాన్ని చూస్తే నాకే జాలేస్తోంది. ఉల్లిపాయ వేగే చిటపటలో ఛందస్సు ఉంది. నీళ్ళు మరిగే చప్పుడులో ఆలాపన ఉంది. ఇక నువ్వు నిశ్చింతగా నీ కుర్చీలో కూర్చో.

విజయగర్వంతో,
నీ కూతురు

జూన్ 30, సోమవారం

ఛందస్సు వింటున్నదానికి,

చెవులు ఒక్క క్షణం మూసుకుని కళ్ళు తెరువు.

నువ్వు పంపిన పేజీ నా ముందుంది. ఉత్తరం ఇరవై ఆరు పొద్దున రాశావు. పేజీలో ఇరవై ఆరు సాయంత్రం దుంపల కూర అని తేదీ వేసి ఉంది, "చాలా బాగుంది" అని ఉంది, కింద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. ఇంకా వండని కూర ఎవరు తిన్నారే? వారం మొత్తం ఒకే సిరా, ఒకే వాలు. ఒక్కసారి కూర్చుని వారానికి సరిపడా గీకేశారు. ఈ విద్య నాకు కొత్తా? బడిలో హెడ్మాస్టరు ఒకటో తేదీనే ముప్ఫై రోజుల సంతకాలూ పెట్టి పడేసేవాడు. పిల్లలు ఏం తిన్నారో ఆయనకు ఎన్నడూ తెలీదు.

తిట్టినన్నాళ్ళూ తిన్నారు. పొగడడం మొదలుపెట్టిన రోజే మానేశారు. తినే మనిషి ఉప్పు ఎక్కువైందంటాడు, తక్కువైందంటాడు. తిననివాడే అమృతం అంటాడు. హోటల్లో మూడుసార్లు వడ్డించుకున్నది మర్యాదకా? ఆకలికే, పిచ్చిదానా.

ఇంకోటి. నీ ఉత్తరాలన్నీ తిరగేశా. నువ్వు నీ వంట తిన్నట్టు ఒక్క దాంట్లోనూ లేదు. నువ్వేం తింటున్నావు?

తాతయ్యకు డెబ్భై ఆరు. మీ నాన్నకు పస్తుంటే చేతులు వణుకుతాయి, సన్న త్రాసు పట్టుకోలేరు. నేనిక్కడ ఎవరి ఇళ్ళవాళ్ళకో జావ కాస్తూ కూర్చున్నా. రాజీనామా కాగితం రాసి పెట్టెలో పెట్టా. సూపరింటెండెంటు ఊళ్ళో లేరు, పన్నెండున వస్తారు. ఆ రోజే ఇచ్చి సాయంత్రం బండెక్కుతా.

పదహారేళ్ళు కాచుకున్నది మూడు నెలలు కూడా నిలవలేదు. పోనీ. రాసిపెట్టి లేదు.

అమ్మ

జూలై 5, శనివారం

అమ్మా,

ఆ కాగితం ఇవ్వకు. ఈ ఉత్తరం చివరిదాకా చదివే వరకు ఇవ్వకు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. చదివి చాలాసేపు ఏడ్చాను. ముందు నిజం చెబుతాను. నేను నా వంట తినడం లేదు. మొదటి వారం తర్వాత మానేశాను. కాలేజీ ఎదురుగా రొట్టే గుడ్డూ అమ్ముతారు, రోజూ అదే తింటున్నాను. వండినవాళ్ళకు ఆకలి ఉండదని నాకు నేను చెప్పుకున్నాను. అంత అందమైన అబద్ధం దొరికాక ఎవరు వదులుతారు?

నిన్న సాయంత్రం క్లాసుకు వెళ్ళాను. లెక్చరర్ రాలేదు. ఏడింటికే ఇంటికి వచ్చేశాను. వంటింట్లో దీపం వెలుగుతోంది. నాన్న పొయ్యి దగ్గర, నీ పాత తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. తాతయ్య ముక్కాలి పీట మీద కూర్చుని ఉల్లిపాయ దంచుతున్నారు.

"ఏం జరుగుతోంది ఇక్కడ?" అన్నాను.

తాతయ్య దంచడం ఆపలేదు. "దొంగతనం. సొంత ఇంట్లోనే."

"నేను వండిన కూర ఏది?"

ఇద్దరూ పెరటి వైపు చూశారు. వెళ్ళి చూస్తే గోడ పక్కన మూడు చోట్ల మట్టి కొత్తగా తవ్వి ఉంది.

"పిల్లి దారి చూపించింది, మేం నడిచాం" అన్నారు తాతయ్య.

"మరి అమృతం అని రాశారుగా!"

"ఇటుక అని రాస్తే మర్నాడు ఇంకో గంట ఎక్కువ వండేదానివి" అన్నారు నాన్న, దుంప తొక్క తీస్తూ. "పరీక్షలున్నాయి. బాగుందంటే తొందరగా వదిలేస్తావనుకున్నా."

జూన్ ఇరవై మూడు నుంచి ఇదే వరస. నేను గడప దాటగానే దుంపలు పొయ్యెక్కుతాయి. తొక్కతో ఉడికించి, చేత్తో చిదిపి, అందులో దంచిన ఉల్లిపాయ, మిరియాల పొడి, వెన్న. ఉప్పు మాత్రం నాన్న చిన్న త్రాసులో తూచి వేస్తారు. చూడగానే నాకు చిన్నచూపు కలిగింది. రంగు లేదు, పొందిక లేదు.

"ఇదేం వంట? దీనికో పేరైనా ఉందా?"

"పేరు తర్వాత పెట్టుకుందువుగాని, ముందు తిను" అన్నారు తాతయ్య.

తిన్నాను. మూడు దుంపలు తిన్నాను. వర్ణించను.

ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు ఊరూరా తిరిగి అంగళ్ళ త్రాసులు సరిచేసేవారట. లాడ్జి గదిలో కిరసనాయిలు స్టవ్వు మీద రోజూ ఇదే. మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదంటే చిన్న త్రాసు తుడిచి పక్కన పెట్టారు. తర్వాత అన్నారు, "పెళ్ళైన వారానికి మీ అమ్మకు వండిపెట్టా. ఒక్క ముద్ద తిని నవ్వింది. 'ఇదా వంట? పశువుల దాణాలా ఉంది' అంది. మళ్ళీ నేను పొయ్యి ముట్టుకోలేదు."

ఇంట్లో ఎవరూ పస్తులు లేరమ్మా. నా వంట ఒక్కటే పస్తుంటోంది. తాతయ్యను నాన్న బస్తాల త్రాసు మీద నిలబెట్టి తూచారు, నువ్వు వెళ్ళిన నాటి కంటే కిలోన్నర ఎక్కువ. ఆ కాగితం ఇవ్వకు.

నీ కూతురు

జూలై 9, బుధవారం

నా కూతురికి,

ఉత్తరం నిలబడి మొదలుపెట్టి, కూర్చుని పూర్తిచేశా. మళ్ళీ లేచి నిలబడి చదివా.

వండడం వచ్చా ఆయనకు?

దాణా అన్నమాట నాకు గుర్తులేదు. అని ఉంటా. పంతొమ్మిదేళ్ళ పిల్లను, నోటికి ఏదొస్తే అదే. ఆ ఒక్క మాటకు ఇరవై రెండేళ్ళు అలిగారా? అది అలక కాదే, హాయి. అలిగిన మనిషి పక్కకు తిరిగి పడుకుంటాడు. ఈయన పక్కకు తిరిగి తిన్నారు, పూటకు మూడుసార్లు వడ్డించుకుని.

నువ్వు పుట్టిన పన్నెండో రోజు గోడ పట్టుకుని లేచి పొయ్యి ముందు నిలబడ్డా. కళ్ళు తిరుగుతున్నాయి. దుంపలు ఉడకబెట్టడం వచ్చిన మనిషి పక్క గదిలో తూకపు రాళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నారు. నాకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చినప్పుడు ఉప్పు డబ్బా ఎక్కడుందని అడగడానికి నన్ను లేపారు. ఆయనకు అన్నం పెట్టేవాళ్ళు ఉండరనే, మూడేళ్ళ కిందట ఇలాంటి ఉద్యోగమే వస్తే వద్దని రాసి పంపా. అది ఆయనకు తెలుసు. పక్కనే కూర్చుని "నీ ఇష్టం" అన్నారు. గ్రాము తేడా వస్తే నిద్రపట్టదే ఆ మనిషికి! ఇంటి త్రాసు ఇన్నేళ్ళు ఒకే పక్కకు ఒరిగి ఉంటే కనబడలేదా?

కాగితం చింపేశా. ముక్కలు పొయ్యిలో వేశా, మళ్ళీ అతికించుకునే బుద్ధి పుట్టకుండా. రాను. ఇరవై ఒకటిన నన్ను ఖాయం చేస్తే ఇక్కడే. చేయకపోతే ఇంకో ఆసుపత్రి వెతుక్కుంటా. ఇకనుంచి ఇంట్లో వంట ఆయన పని. దుంపలొక్కటే అంటే కుదరదు, పప్పు కూడా నేర్చుకోవాలి. నువ్వు పొయ్యి దగ్గరకు వెళ్ళావని తెలిస్తే నీ చిన్న పుస్తకం కూడా పొయ్యిలోకే. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించు. ఒక్క మాట మింగకు, ఒక్క మాట కలపకు.

అమ్మ

దుంపలు ఎన్ని నిమిషాలు ఉడికిస్తారో, ఉప్పు ఎంతో అడిగి రాయి. ఆరో వార్డులో ఒక ముసలావిడ నాలుగు రోజులుగా ఏం పెట్టినా పక్కకు నెట్టేస్తోంది. ఆవిడ కోసం అడుగుతున్నా. ఇంకెవరి కోసమూ కాదు.

జూలై 13, ఆదివారం

అమ్మా,

నీ ఉత్తరం మధ్యాహ్నం భోజనాలయ్యాక చదివాను. ఒక్క మాట మింగలేదు. నాన్న నేల వైపు చూస్తూ విన్నారు. ఆయన చెవులు ఎర్రబడడం నేను మొదటిసారి చూశాను. మూడేళ్ళ కిందటి ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి తాతయ్య కొడుకు వైపు తిరిగి "నాకు చెప్పలేదేరా?" అన్నారు. నేను చదవడం ముగించాక నాన్న, "పన్నెండో రోజు సంగతి నిజమే. ఆ రోజు లేవబోయాను. మళ్ళీ కూర్చున్నాను" అన్నారు. అంతే.

నాకు కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు. ఇంత మంచి వంట చేతిలో పెట్టుకుని అంతకాలం కూర్చున్న మనిషిని ఏమనాలో తెలియడం లేదు. నా పుస్తకంలో రాసుకున్న మాటలేవీ సరిపోలేదు. తాతయ్య ఒకటి చెప్పారు కానీ అది ఉత్తరంలో రాయదగ్గది కాదు.

నువ్వు అడిగింది నాన్న కాగితం తీసుకుని తనే రాసిచ్చారు. ఉన్నదున్నట్టు కింద దింపుతున్నాను:

"దుంపలు నాలుగు, ఒక్కొక్కటి నూట ఇరవై గ్రాములు. అన్నీ ఒకే సైజు ఉండాలి. చన్నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టాలి. మరగడం మొదలయ్యాక ఇరవై ఆరు నిమిషాలు. ఉప్పు అయిదు గ్రాములు, రోగికి నాలుగు. ముసలావిడకు ఉల్లిపాయ వద్దు. వేడిగా ఇవ్వకూడదు, గోరువెచ్చగా. గరిటెతో కాదు, చేత్తో చిదపాలి."

ఇచ్చి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగారు. "ఆవిడ తిన్నదో లేదో వచ్చే ఉత్తరంలో రాయమను. నేను అడిగానని రాయకు." రాయమన్నది నువ్వు, రాయవద్దన్నది ఆయన, ఒక్క మాట మింగవద్దన్న నీ ఆజ్ఞ ముందుది కాబట్టి రాసేశాను.

సాయంత్రం నాన్న బజారుకు వెళ్ళి కిలో పప్పు తెచ్చారు. పప్పు ఆయనకు రాదు. గిన్నె ముందు పెట్టుకుని, బాగుచేయడానికి వచ్చిన కొత్త రకం త్రాసును చూసినట్టు అన్ని వైపుల నుంచీ చూస్తున్నారు. "నీళ్ళెన్ని పోయాలి?" అని నన్ను అడిగారు. నాకు తెలిస్తే ఇంత దూరం వచ్చేదా? తాతయ్య మాత్రం పళ్ళు తోముకుని సిద్ధంగా ఉన్నారు, తిట్టడానికి.

నా పరీక్షలు బుధవారం మొదలు. ఇరవై ఒకటో తేదీ సంగతి తెలియగానే రాయి.

నీ కూతురు

తా.క. రేపు పొద్దున అయిదింటికి నాన్నను నేను లేపుతాను. ఆయన వంటింట్లోకి వెళ్ళగానే పుస్తకాలు తీసుకుని వీధి మెట్ల మీద కూర్చుంటాను. లోపలి నుంచి ఏ వాసన వచ్చినా, ఎవరు ఎంత పిలిచినా, ఎనిమిది దాకా లేవను.